ఈమాక్స్‌ను సొంత వికీగా మలుచుకుని ఏళ్ల తరబడి వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడిలో దస్తావేజులు రాసేవాళ్లకు ఒక్క భాషతో పని గడవదు. ఒకే కుటుంబానికి గజపతి జిల్లాలో కొంత పొలం, సరిహద్దు దాటగానే ఆంధ్రలోని పాతపట్నం వైపు కొంత ఉంటుంది. ఇక్కడి పట్టా ఒడియాలో, అక్కడి అడంగల్ తెలుగులో. ఇక్కడ మౌజా, ఖాతా, ప్లాట్. అక్కడ సర్వే నంబరు. ఇక్కడ డెసిమల్, అక్కడ సెంటు. రెండూ ఎకరంలో నూరో వంతే. ఇదంతా ఒకచోట రాసుకోవడానికి, కంప్యూటర్లో టెక్స్టు రాసే ప్రోగ్రాం అయిన ఈమాక్స్‌లో ఆర్గ్ మోడ్ (శీర్షికలు, లింకులు, పట్టికలతో నోట్సు రాసుకునే పద్ధతి) వాడుతున్నాను. ఇప్పుడు అది లేకుండా నా పని సాగదు.

ఊరికో ఫైలు, కుటుంబానికో ఫైలు. అన్నీ మామూలు టెక్స్టే. వాటిమీద, ఏ ఫైలు దేనికి లింకు పెట్టిందో గుర్తుంచుకునే ఆర్గ్-రోమ్ ప్యాకేజీ (ఈమాక్స్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాం) వేసుకున్నాను. ఊరి పేజీ తెరిస్తే, దానికి లింకు పెట్టిన కుటుంబాలన్నీ పక్కన వరసగా వస్తాయి. పర్లాకిమిడి అన్నా, పారలాఖెముండి అన్నా ఒకే పేజీకి వెళ్లేలా మారుపేర్లు ఇవ్వొచ్చు. మొన్నామధ్య ఓ అన్నదమ్ముల పంపకంలో తూర్పు హద్దు తేలలేదు. ఊరి పేజీ తీస్తే, ఎప్పుడో రాసిన పక్క రైతు కాగితంలో అదే ప్లాటు పడమటి హద్దుగా కనిపించింది. పని అక్కడికక్కడే తెమిలింది. రోమ్ ఈ లింకులు దాచుకునే డేటాబేస్ పాడైనా భయం లేదు, ఫైళ్లను చదివి మళ్లీ కట్టుకుంటుంది.

టైపింగ్ విషయంలో ఈమాక్స్‌కు సాటి నాకు కనిపించలేదు. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులు ఈమాక్స్‌లోనే ఉన్నాయి. 'క' రెండింట్లోనూ ఒకే మీట మీద ఉంటుంది కాబట్టి ఒకటి వస్తే రెండోది వచ్చినట్టే. కంట్రోల్, బ్యాక్‌స్లాష్ నొక్కితే ఇంగ్లీషులోకి, మళ్లీ నొక్కితే వెనక్కి. ఒత్తులు సరిగా పడాలంటే మాత్రం 2020లో వచ్చిన 27వ వెర్షన్ గానీ, ఆ తర్వాతిది గానీ వాడండి. హార్ఫ్‌బజ్ అనే, అక్షరాలను ఒత్తులతో కలిపి చూపించే భాగం అప్పుడే చేరింది. టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) కాకుండా దాని సొంత విండోలోనే తెరవండి.

నన్ను బాగా ఏడిపించింది వెతుకులాట. ఫోన్లో రాసిన 'ప్లాట్‌ నంబరు', ల్యాప్‌టాప్‌లో రాసిన 'ప్లాట్ నంబరు' చూడ్డానికి ఒకటే, కానీ వెతికితే ఒకటి దొరికి రెండోది దొరకదు. ఫోన్ కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పెడుతుంది, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. పదం మధ్యలో దాన్ని తీసేస్తే 'సబ్‌రిజిస్ట్రార్'లో అక్షరాలు ఒత్తుగా కలిసిపోతాయి. అందుకే మధ్యలో ఉన్నదాన్ని వదిలేసి, పదం చివర ఉన్నదాన్ని మాత్రం సేవ్ చేసేటప్పుడు తుడిచేసేలా నాలుగు లైన్ల కోడ్ రాసుకున్నాను. వెతికేటప్పుడు ప్రతి పొల్లు తర్వాతా ఆ అక్షరం ఉన్నా లేకున్నా సరేననేలా ఇంకో నాలుగు లైన్లు. మన భాషలో వచ్చిన చిక్కును మనమే సరిచేసుకునే వీలు ఉండటమే నాకు దీని అసలు గొప్పతనం.

లోపాలూ ఉన్నాయి. తెలుగు రాస్తే పట్టికల గీతలు వంకరపోతాయి. వాలైన్ ప్యాకేజీతో తిన్నగా నిలుస్తాయి గానీ, పెద్ద పట్టిక అయితే ఈమాక్స్ నెమ్మదిస్తుంది. ఆధార్ నంబర్ల వంటివి జీపీజీ ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసిన ఫైళ్లలో పెడతాను, వాటి లోపల వెతకడం కుదరదు. ఫోన్లో ఈ ఫైళ్లు తెరిచే యాప్ ఆర్గ్‌జ్లీతో చదువుకోవచ్చు, కానీ ఏ పేజీకి ఎవరు లింకు పెట్టారో అది చూపించదు. తహసీల్ ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నప్పుడు ఈ లోటు బాగా తెలుస్తుంది.

కొత్తవాళ్లు ముందు సీయూఏ మోడ్ పెట్టుకోండి, కాపీ పేస్టు అలవాటైన మీటలతోనే అవుతాయి. తర్వాత తెలుగు, ఒడియా లిపులకు నోటో ఫాంట్లు పెట్టండి. రోమ్ జోలికి వెంటనే పోవద్దు. కొన్నాళ్లు మామూలు ఫైలు లింకులతో నడిపితే, దేనికి విడిగా పేజీ కావాలో మీ పనే మీకు చెబుతుంది.