పీచు మిఠాయి మిషన్: నాలుగు చలికాలాలు వాడాక

నుమాయిష్‌కు, అంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్లొచ్చిన ప్రతి ఇంట్లో ఒకరైనా పీచు మిఠాయి గురించి అనే మాట ఇది: "బుడ్డీ కే బాల్‌లో అప్పటి రుచి లేదబ్బా." జెయింట్ వీల్ మీద గానీ, బావి గోడల మీద బైకులు నడిపే మౌత్ కా కువా మీద గానీ ఇంత గట్టి ఫిర్యాదు వినిపించదు. ఈ కరెంటు మిషన్‌ని నాలుగు చలికాలాలు, మధ్యలో మూడు వానాకాలాలు తిప్పాక ఆ ఫిర్యాదులో సగానికి పైగా వాతావరణానిదే తప్పని తేలింది. పింక్ రంగు తీసేస్తే అందులో ఉండేది మనం చాయ్‌లో వేసుకునే చక్కెరే. పెద్ద పుల్ల ఒక్కటి చుట్టడానికి పట్టేది 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు. పాడవడానికి అందులో వేరే రుచంటూ ఏముంది?

మారేదల్లా పోగు. వేడికి కరిగిన చక్కెర, గిన్నె మధ్యలో గిర్రున తిరిగే హెడ్ (చక్కెర పోసే భాగం) అంచున ఉన్న సన్నటి సందుల్లోంచి విసురుగా బయటపడి, గాలి తగలగానే గాజులా బిగుసుకుపోతుంది. మళ్లీ పలుకు కట్టేంత టైము దొరకదు. నాలుక మీద పెట్టగానే మాయమయ్యేది అందుకే. గాలిలో తడి ఉంటే అవే పోగులు దాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి, పాత దిండులో దూదిలా ఉండకడతాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లికి వచ్చిన నుమాయిష్ ఇప్పుడు జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. పగలంతా ఎండ, సాయంత్రం చలి, వాన జాడ లేని ఆ నెలన్నరలో వేడి వేడిగా చుట్టి ఇచ్చిన పీచుతో, జూలైలో మాల్‌లో డబ్బాలో కొన్న పీచును పోలిస్తే ఏం న్యాయం?

ఇక మిషన్ సంగతి. గిన్నె సైజు, మోటారు, వాట్లు అన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. దీన్ని ఇన్నాళ్లు ఉంచుకోవడానికి కారణం ఒక్కటే, హెడ్ లోపల కరెంటుతో వేడెక్కే రిబ్బన్. పాత బండ్ల మీద కింద మంట పెట్టి, చేత్తోనో కాలితోనో తిప్పే రకంలో పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఇందులో రెగ్యులేటర్ ఒకసారి సరిగ్గా కుదిరితే చివరి చెంచా దాకా ఒకే సన్నం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొగలా కనిపిస్తుంది. హెడ్ నుంచి నిజం పొగ వస్తే మాత్రం వేడి ఎక్కువైనట్టు. చక్కెర మాడి వాసనొస్తుంది, తెల్ల పీచు పసుపు తిరుగుతుంది. వేడి చాలకపోతే గిన్నె గోడకు టపటపా పలుకులు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న చోటు దొరికాక నాబ్ పక్కన మార్కర్‌తో గీత పెట్టేయండి.

చక్కెర దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మెత్తటిదైతే తొందరగా కరుగుతుందనుకుని మిక్సీ పడతారు, ఆ పొడి కరగకుండానే సందుల్లోంచి ఎగిరిపోతుంది. బేగంబజార్ హోల్‌సేల్‌లో ఎం-30 అని అడిగితే ఇచ్చే మధ్యరకం పలుకు సరిపోతుంది. దాన్ని కూడా ఒకసారి జల్లించి, అడుగున దిగిన పొడిని చాయ్ డబ్బాలోకి పంపేయాలి. వానాకాలంలో వెడల్పాటి పళ్లెంలో పరిచి ఓ గంట ఎండబెట్టాలి. ఇలాచీ పొడి కలిపితే ఘుమఘుమలాడుతుందన్న ఆశ వద్దు, అది రిబ్బన్ మీద మాడి నల్లగా పేరుకుని సందులు మూసేస్తుంది.

మొదటి ఏడాది ఎవరడిగినా "కడగడం చాలా సులువు, వేడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిస్తే అయిపోతుంది" అని చెప్పాను. ఆ మాటను ఇక్కడ కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. గిన్నెకు అది ఇప్పటికీ నిజమే. హెడ్‌కు కాదు. ఎందుకో మూడో చలికాలంలో తెలిసింది.

అపార్ట్‌మెంట్ ఫంక్షన్ మధ్యలో పీచు ఆగి ఆగి రావడం మొదలైంది. ఒక గుప్పెడు చక్కగా వస్తుంది, ఆ వెంటనే పలుకులు చిమ్ముతాయి, మళ్లీ గుప్పెడు పీచు. చక్కెర మార్చినా అంతే, రెగ్యులేటర్ చివరిదాకా తిప్పినా అంతే. తీగలో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 4 ఆంపియర్లు, వెంటనే దాదాపు సున్నా, మళ్లీ 4. ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూస్తే 50 ఓమ్‌లకు కాస్త పైన చూపించింది. 1000 వాట్ల రిబ్బన్‌కు అంతే ఉండాలి. అంటే రిబ్బన్ బాగానే ఉంది. మీటర్ తీగలు అలాగే ఉంచి హెడ్‌ని చేత్తో మెల్లగా తిప్పితే, ఒకచోట రీడింగ్ పూర్తిగా ఎగిరిపోయింది, అంటే అక్కడ కరెంటు దారి తెగుతోంది. ఈ ఒక్క పరీక్ష ముందే చేసుంటే కొత్త రిబ్బన్‌కు పెట్టిన డబ్బు మిగిలేది.

దోషం కింద ఉంది. తిరిగే హెడ్‌కు కరెంటు అందేది ఇరుసు మీది రెండు ఇత్తడి రింగుల నుంచి. వాటికి రెండు కార్బన్ బ్రష్‌లు స్ప్రింగ్ బలంతో ఆనుకుని ఉంటాయి. ఆ రింగుల మీద గోధుమరంగు పూత, పాకం ఎండి గట్టిపడింది. బ్రష్ దాని మీదికి ఎక్కిన ప్రతిసారీ కరెంటు తెగుతోంది. పైగా ఒక బ్రష్ తన గూట్లోనే అతుక్కుపోయి కిందికి జారడం మానేసింది. ఇంతకుముందు చూసిన మెకానిక్ పెట్రోలుతో కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇచ్చాడు. రెండు రోజులు నడిచి మళ్లీ అదే కథ. చక్కెర పెట్రోలుకు కరగదు, స్పిరిట్‌కూ దాదాపు కరగదు. దానికి నీళ్లే మందు.

కాబట్టి చేయాల్సింది ఇది. ప్లగ్ తీసి, మిషన్ పూర్తిగా చల్లారాక గిన్నె, పై మూత విప్పి, బ్రష్‌లు బయటికి తీయాలి. గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో రింగులను, బ్రష్ గూళ్లను తుడవాలి, నీళ్లు పోయకూడదు. పూత పోయాక స్పిరిట్ గుడ్డతో తడి లాగేసి, జీరో నంబర్ శాండ్‌పేపర్‌ను రింగు చుట్టూ తేలిగ్గా తిప్పాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి కొత్త బ్రష్‌ను తినేస్తాయి. బ్రష్ గూట్లో తనంతట తానే జారాలి, ఇరుక్కుంటే పక్కలు కొంచెం రుద్దాలి. అరిగిపోతే మిక్సీ రిపేర్ షాపుల్లో దొరికేవాటిలో అదే మందం చూసి తెచ్చుకోవచ్చు. కట్టేసే ముందు ఒక రాత్రంతా ఆరనివ్వాలి. తడి ఉండగా ప్లగ్ పెడితే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతుంది, అది లేని ఇంట్లో షాక్ కొడుతుంది.

పాకం అక్కడికి ఎలా చేరిందంటే, రెండు అలవాట్ల వల్ల. ఒకటి, పని అవగానే వేడి, మోటారు రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆపడం. తిరగడం ఆగితే లోపల కరిగి ఉన్న చక్కెర ఇరుసు వెంట కిందికి దిగుతుంది. మొదలుపెట్టేటప్పుడు ముందు మోటారు, తర్వాత వేడి. ఆపేటప్పుడు ముందు వేడి, మోటారు ఇంకో రెండు నిమిషాలు. మిగిలిన చక్కెరను వదిలించడానికి, వేడి ఆపే ముందు ఖాళీ హెడ్‌ని ఫుల్ వేడి మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పితే చాలు. రెండో అలవాటు, నేను అందరికీ నేర్పిన ఆ తడిగుడ్డే. హెడ్ మీద పిండిన ప్రతి చుక్కా చక్కెరను వెంటబెట్టుకుని బ్రష్‌ల మీదికి దిగింది.

ఫంక్షన్ హాల్ జనరేటర్ మీద నడిపేవాళ్లకు ఇంకో మాట. 230 వోల్టులకు బదులు 200 వస్తే వేడి ఇంచుమించు నాలుగో వంతు తగ్గిపోతుంది. పీచు రాదు, తప్పంతా చక్కెర మీద వేస్తారు. రోజూ స్టాల్ పెట్టేవాళ్లు కింద గ్యాస్ బర్నర్ ఉండే రకం కొనుక్కోవడం మేలు. వోల్టేజీ పడినా దాని మంట తగ్గదు.

రంగు గురించి క్లుప్తంగా. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాన్ని ఆపేశాయి, కారణం అందులో దొరికిన, బట్టలకు వాడే రోడమిన్-బి అనే రంగు. చిన్నప్పటి ఆ మెరిసే గులాబీ రంగులో ఏం కలిపేవారో తలచుకుంటే ఆ జ్ఞాపకం కాస్త వెలిసిపోతుంది. ఇంట్లో రంగు లేకుండానే చేస్తున్నా. పిల్లలు మొదటి పుల్లకు మాత్రమే మొహం ముడుస్తారు. (పీచు మిషన్‌ను 1897లో తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన, విలియం మోరిసన్, పళ్ల డాక్టరు. 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టె 25 సెంట్ల చొప్పున 68,655 పెట్టెలు అమ్మారట. పేషెంట్లను ముందే తయారు చేసుకున్నాడని జోకు.)

కొనాలా వద్దా అంటే, నా వాడకం ఏడాదికి పది పన్నెండు సాయంత్రాలు, అదీ దసరా తర్వాతి నుంచి శివరాత్రి వరకు. ఆ లెక్కకు ఇది బాగానే గిట్టింది. జూలై, ఆగస్టుల్లో వారానికొకసారి తీసే ఇల్లయితే వద్దంటాను, ఏసీ గది ఉంటే తప్ప. వానాకాలంలో చుట్టిన పుల్ల పావుగంటకే సగానికి కుంగిపోతుంది. జనవరిలో కూడా రాత్రి పది దాటి మంచు మొదలైతే పీచు వేళ్లకు అంటుకోవడం చూస్తారు. ప్యాకెట్లు కట్టే ఉద్దేశముంటే మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టి, పీచు పూర్తిగా చల్లారాక సీల్ వేయండి. వేడి మీద కడితే మూతి దగ్గర గట్టి ఉండలా దిగుతుంది. బ్రష్‌లు ఒక జత అదనంగా తెచ్చి మిషన్ డబ్బాలోనే పడేసి ఉంచండి.