ప్రాచీన గాజు కోసం కార్నింగ్, న్యూయార్క్: ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి, ఎలా కొనాలి

న్యూజెర్సీ నుంచి నయాగరాకు బయల్దేరే మనవాళ్లు దారిలో కార్నింగ్ గాజు మ్యూజియానికి రెండు గంటలు కేటాయిస్తారు. గాజు ఊదే ప్రదర్శన చూసి, షాపులో ఏదో ఒకటి కొని, మళ్లీ కారెక్కుతారు. పిల్లలతో వెళ్తే అది చాలు. ప్రాచీన గాజు సేకరించాలన్న ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం అక్కడ ఒక రాత్రి ఉండి తీరాలి. డబ్బు పెట్టకముందే కన్ను తయారవడానికి అమెరికాలో అంతకన్నా మంచి చోటు లేదు.

ఎడిసన్ వైపు నుంచి ఐ-80, 380, 81 మీదుగా బింగ్‌హామ్‌టన్ చేరి, రూట్ 17, ఐ-86 మీద పడమరకు పోవాలి. ఆగకుండా నడిపితే నాలుగు గంటల పైచిలుకు. అక్కణ్నుంచి నయాగరా ఇంకో రెండున్నర గంటలు. చలికాలంలో మంచు తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి.

మ్యూజియం ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. 17 ఏళ్లలోపు వాళ్లకు టికెట్ లేదు. పెద్దల టికెట్ వరుసగా రెండు రోజులు చెల్లుతుందేమో కౌంటర్లో అడిగి కొనండి. టూరిస్టు బస్సులు దిగకముందే నేరుగా 35 శతాబ్దాల గాజు గ్యాలరీలకు వెళ్లాలి. ప్రదర్శనలు రోజంతా ఉంటాయి, వాటికి తొందరేం లేదు.

అక్కడ నాలుగు సెంటీమీటర్ల ఎత్తున్న ఈజిప్టు రాజు తల ఒకటుంది. బహుశా రెండో అమెన్‌హోటెప్‌ది, క్రీ.పూ. 1450-1400 నాటిది. ఇప్పుడు లేత గోధుమరంగులో కనిపిస్తుంది కానీ అసలు గాజు నీలం. మట్టిలోని తడికి గాజులోని క్షారం కరిగిపోయి పైపొర మారిపోయింది. వేలం కేటలాగులో ఫొటో చూసి గాజు రంగు తేల్చేవాళ్లు దీని ముందు పది నిమిషాలు నిలబడాలి.

తర్వాత ఊదడం తెలియని కాలపు సీసాలు. మట్టి, ఇసుక, పేడ కలిపిన ముద్దను లోహపు కడ్డీ చివర పెట్టి, దాని మీద కరిగిన గాజు చుట్టేవారు. పైన పసుపు, తెలుపు గాజు తీగలు తిప్పి, మొనతో పైకీ కిందికీ లాగితే అలల గీతలు వచ్చేవి. చల్లారాక లోపలి ముద్దను గీకి తీసేవారు. అందుకే వీటి లోపలి గోడ గరుకుగా ఉంటుంది, మూలల్లో ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. ఇలాంటిదని అమ్మకానికి వచ్చిన సీసా మెడలోకి టార్చి వేసి చూసినప్పుడు లోపల నున్నగా మెరిస్తే అనుమానించాలి. గాజు ఊదడం క్రీ.పూ. 1వ శతాబ్దంలో సిరియా-పాలస్తీనా ప్రాంతంలో మొదలైంది. ఊదిన సీసాకు క్రీ.పూ. 5వ శతాబ్దం అని చీటీ కట్టి ఉంటే, ఆ దుకాణంలో మిగతా చీటీలు కూడా నమ్మనక్కర్లేదు.

రోమన్ గాజు మీది ఇంద్రధనుస్సు మెరుపును అరలకు దగ్గరగా నిలబడి గమనించండి. నిజమైనది ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటుంది, అంచుల్లో లేస్తుంది, ఊడినచోట గాజు గుంటలు పడి ఉంటుంది. రసాయనంతో పట్టించిన మెరుపు అంతటా ఒకే తీరున పరుచుకుంటుంది. అద్దం అవతల ఉన్నవాటికి భూతద్దం పనికిరాదు. అర మీటరు దూరంలో ఫోకస్ అయ్యే చిన్న మోనోక్యులర్ తీసుకెళ్లండి.

రెండోరోజు మ్యూజియంవారి రాకో లైబ్రరీకి. ప్రవేశం ఉచితమే, కానీ వారాంతాల్లో తెరుస్తారో లేదో ముందే చూసుకోండి. పాత వేలం కేటలాగులు ఇక్కడే తిరగేయాలి. మీరే గాజు తయారు చేసుకునే వర్క్‌షాప్ మొదటిరోజే పెట్టుకోండి, దానికి విడిగా డబ్బు కట్టాలి, వస్తువు మెల్లగా చల్లారాలి కాబట్టి మర్నాడే చేతికిస్తారు. రాత్రి ఉండడానికి అదొక సాకు.

బస విషయంలో మార్కెట్ స్ట్రీట్ వైపు హోటళ్లు ఖరీదెక్కువ, కానీ వంతెన దాటి నడిచిపోవచ్చు. పెయింటెడ్ పోస్ట్, హార్స్‌హెడ్స్ వైపు చవక, కారు తప్పనిసరి. వాట్కిన్స్ గ్లెన్‌లో కారు రేసులున్న వారాంతాల్లో రెండూ దొరకవు. శాకాహారులు మైక్రోవేవ్ ఉన్న గది తీసుకుని పులిహోర కట్టుకెళ్లడమే మేలు.

న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) వేరే రకం. 1917లో జె.పి. మోర్గాన్ సేకరణ నుంచి చేరిన గాజు ముక్కలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. విరిగిన అంచుల్లోనే గాజు మందం, బుడగలు తెలుస్తాయి కాబట్టి కొనేవాళ్లకు నిండు పాత్రలకన్నా ఇవే పాఠం. రోమన్ కాలపు గాజు పనివాడు ఎన్నియన్ సంతకమున్న, అచ్చులో ఊదిన రెండు పిడుల గిన్నె కూడా ఇక్కడిదే. బుధవారం సెలవు, శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాకా. 4, 5, 6 రైళ్లలో 86వ వీధికి వెళ్లండి, పార్కింగ్‌కు డబ్బు తగలేయకండి. డెట్రాయిట్ వైపు ఉన్నవాళ్లకు గంట దూరంలో టొలీడో మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. ఏ గదులు తెరిచి ఉన్నాయో బయల్దేరేముందు చూసుకోండి.

కొనడం వేరే ప్రయాణంలో పెట్టుకోండి. మామూలు రోమన్ పరిమళపు సీసాలు కొన్ని వందల డాలర్లలోనే దొరుకుతాయి. వేలం ముందు ప్రదర్శనకు వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. పురావస్తువుల దొంగ రవాణాను ఆపే యునెస్కో ఒప్పందం 1970 నాటిది, కాబట్టి అంతకు ముందు ఎవరి దగ్గర ఉందో కాగితం అడగండి. ‘పాత ఐరోపా సేకరణ’ అన్న ఒక్క మాట కాగితం కాదు. సిరియా నుంచి వచ్చినవైతే ఇంకా జాగ్రత్త, 2016 నుంచి అమెరికాలో దిగుమతి ఆంక్షలున్నాయి. అతికించిన చోట్లు అతినీలలోహిత దీపం కింద వేరే రంగులో వెలుగుతాయి, చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇండియాకు తెచ్చే ఉద్దేశముంటే ముందే కస్టమ్స్‌తో, భారత పురావస్తు సర్వేక్షణ శాఖతో మాట్లాడండి. వందేళ్లు దాటిన వస్తువుల మీద 1972 చట్టం ఉంది, ఒకసారి వచ్చాక మళ్లీ బయటికి తీసుకెళ్లడం తేలిక కాదు. దూది చుట్టొద్దు, పోగులు పొరల్ని పీకేస్తాయి. ఆమ్లం లేని పల్చని కాగితం చుట్టి, వస్తువు ఆకారంలో కోసిన ఫోమ్‌లో పెట్టి, చేతిసంచీలోనే తీసుకెళ్లాలి. ఇంటికొచ్చాక మట్టి కనిపించిందని నీళ్లతో కడగకండి, మట్టితోపాటు మెరుపూ పోతుంది.