ఢిల్లీ నుంచి మేడ్చల్ దాకా కారు తెప్పించుకున్న, ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ ఎట్లుందంటే

పోయిన నెల ఢిల్లీ కరోల్ బాగ్‌ల ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు తీస్కున్న. అక్కడ డీజిల్ బండ్లు 10 ఏండ్లు దాటితే నడవనియ్యరన్న భయం ఉంటది కాబట్టి ఎనిమిదేండ్లు నడిచిన బండి మన దిక్కుకంటే చాలా తక్కువకే దొరికింది. నడుపుకొని వద్దామనుకున్న గానీ ఎన్‌హెచ్ 44 మీద 1500 కిలోమీటర్ల పైనే, ఒక్కడివే వద్దని ఇంట్ల ఒప్పుకోలే, అందుకే కార్ క్యారియర్ (కార్లు మోసే కంటైనర్ లారీ) బుక్ చేసిన.

ఫోన్ల మాట్లాడినాయన డోర్ టు డోర్, ఏడు రోజులు, ఇన్సూరెన్స్‌తో కలిపి 16 వేలు అన్నడు, సగం అడ్వాన్స్ కట్టిన. తర్వాత తెలిసింది ఆయన ఉత్త ఏజెంటే, కంటైనర్ వేరేవాళ్లది, అది నిండా కార్లు ఎక్కేదాకా కదలదు. ఫోన్ చేసినప్పుడల్లా "బయల్దేరింది సార్, ఝాన్సీ దాటింది" అనుడే. గట్టిగ అడిగి డ్రైవర్ నంబర్ తీస్కొని కాల్ చేస్తే మన కారు ఇంకా ఢిల్లీ యార్డ్‌లనే ఉంది. లేటైతే ఓర్చుకుంటం, అబద్ధం ఎందుకు చెప్పాలె?

పన్నెండో రోజు పొద్దున ఆరింటికి డ్రైవర్ ఫోన్ చేసిండు, మేడ్చల్ కాడ రోడ్డు పక్కన ఆపిన రమ్మని. అంత పొడుగు కంటైనర్ మా అల్వాల్ గల్లీల తిరగదు, ఆ సంగతి బుకింగ్ అప్పుడే చెప్తే అయిపోవు కదా. బ్యాటరీ డౌన్ అయ్యుండె, డ్రైవర్ భయ్యానే కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేసి ర్యాంప్ మీదికెళ్లి జాగ్రత్తగ దించిండు, ఆయనకి మాత్రం నా తరఫున ఫుల్ మార్కులు.

వెనుక బంపర్ మీద జానెడు గీత పడ్డది. ఏజెంట్ ఏమో అది ముందే ఉందన్నడు. నా అదృష్టం, పికప్ రోజు డీలర్‌తో బండి చుట్టూ వీడియో తీయించిన, ఓడోమీటర్ ఫోటో కూడా, పికప్ షీట్ మీద కూడా గీత గురించి ఏం రాసిలేదు. ఇవన్నీ పంపినంక బ్యాలెన్స్‌ల 2500 తగ్గించిండు. దయచేసి మొత్తం డబ్బులు ముందే కట్టకండి, బ్యాలెన్స్ మన చేతుల ఉంది కాబట్టే మాట విన్నడు.

ఇంకోటి, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఆర్సీ, ఇన్సూరెన్స్ జిరాక్స్ ఉంటే చాలు, ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోనీకి అక్కడి ఆర్టీవో ఇచ్చే పర్మిషన్) సంగతి వాళ్లు అడగరు. ఆ ఎన్‌ఓసీ ఫారం 28 మీద వస్తది, డీలర్ వెంటపడి తీస్కోవాలె, అది లేకుంటే ఇక్కడ ఆర్టీఏల లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబర్ తీస్కునుడు కాదు.

5కి 2 ఇస్తున్న. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ పాలసీ కాపీ బండి ఎక్కించక ముందు నుంచి అడుగుతనే ఉన్న, ఇప్పటిదాకా పంపలే.