150 గజాల్లో ఇల్లు: డూప్లెక్సా, పైన అద్దె పోర్షనా?

30×45 అడుగుల స్థలంలో చుట్టూ వదలాల్సింది వదిలితే అంతస్తుకు తొమ్మిది వందల చదరపు అడుగులు కూడా మిగలవు.

ఖర్చు: డూప్లెక్స్‌కు రెండు శ్లాబులూ ఒకేసారి పడాలి. పోర్షన్లయితే ఇప్పుడు కింద కట్టుకుని, పైది తర్వాత చూసుకోవచ్చు. పునాది, పిల్లర్లు మాత్రం రెండంతస్తులకు సరిపడా వేయించాలి. పైన వదిలిన పిల్లర్ల చువ్వలకు సిమెంటు పాలు పూయించండి, లేకుంటే తుప్పు పడతాయి.

జాగా: డూప్లెక్స్ మెట్లు హాల్లో చిన్న గదంత మింగేస్తాయి. పోర్షన్లకు మెట్లు బయటే.

తలనొప్పి: డూప్లెక్స్‌లో మెట్లెక్కలేని అమ్మానాన్నల మోకాళ్లు, పోర్షన్లలో అద్దెవాళ్లతో మోటారు, పార్కింగ్ గొడవలు.

ఈఎంఐ టెన్షన్ ఉంటే పోర్షన్లే. డబ్బు చేతిలో ఉండి, పిల్లలు పెద్దవాళ్లవుతుంటే డూప్లెక్స్, అదీ కింద ఒక బెడ్‌రూమ్, బాత్‌రూమ్ పెట్టుకునే.