హీటర్ ప్లగ్‌లు మార్పించే ముందు ‘విరిగితే ఖర్చు ఎవరిది’ అని రాయించుకోండి

పాత డీజిల్ కారు వాడుతున్నవాళ్లకూ, సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లకూ ఈ హెచ్చరిక. హీటర్ ప్లగ్ అంటే చలిలో డీజిల్ ఇంజన్ అందుకోవడానికి సిలిండర్‌ లోపల వేడి పుట్టించే చిన్న కరెంటు కడ్డీ. ఐదు వేలలో తేలిపోవాల్సిన ఈ ప్లగ్‌ల పనికి నా చేతిలో 42 వేల ఎస్టిమేట్ పెట్టారు. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి మెకానిక్ షెడ్ పేరు రాయడం లేదు.

నాది 2012 మోడల్, 1.3 లీటర్ డీజిల్. ఒకప్పుడు స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా డీజిల్ బళ్లు చాలామటుకు ఈ ఇంజన్‌తోనే తిరిగాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ మానేసింది. అంటే ఇవాళ మార్కెట్లో దొరికే మారుతి డీజిల్ బళ్లన్నీ వయసు మీద పడ్డవే.

మాది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ చలి ఎలా ఉంటుందో తెలిసిందే. సెల్ఫ్ చాలాసేపు తిప్పితే గానీ బండి అందుకునేది కాదు. అందుకున్నాక కూడా ఓ నిమిషం వణుకుతూ తెల్లపొగ కక్కేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు ప్లగ్‌లు పోయాయి. మంచి ప్లగ్ ఒక ఓమ్‌కి అటూ ఇటూగా చూపిస్తుంది, కాలిపోయింది అసలు రీడింగే ఇవ్వదు. కోస్తాలోనో హైదరాబాద్‌లోనో అయితే ప్లగ్‌లు చచ్చిపోయినా ఈ రకం ఇంజన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ వాటిని ముట్టుకోరు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంజన్ పైభాగమైన హెడ్ అల్యూమినియం, అందులో బిగించే ప్లగ్ ఉక్కు. పదేళ్లు కదలకపోతే త్రెడ్ (మర) పట్టేస్తుంది. దాని కింద సన్నటి కడ్డీ చుట్టూ, గిన్నెకు మాడు పట్టినట్టు కార్బన్ పేరుకుంటుంది. పైన త్రెడ్ వదిలినా కింద కడ్డీ వదలదు. బలం పెడితే తల తెగి చేతికొస్తుంది, మిగతాది హెడ్‌లోనే ఉండిపోతుంది.

ఇది తెలుసు కాబట్టే బండి ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పాను: రెండు మూడు రోజులు తుప్పు వదిలించే ఆయిల్ పోసి నాననివ్వండి, ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడే తిప్పండి, రాకపోతే వదిలేయండి అని. “రోజూ చేసే పనే సార్, టెన్షన్ వద్దు” అన్నాడు సూపర్‌వైజర్. అదే సాయంత్రం ఫోన్. “ఒకటి విరిగింది సార్, హెడ్ దించాలి. బండి పాతది, మేమేం చేస్తాం?”

వెళ్లి టార్చి వేసి చూశాను. విరిగిన చోట లోహం తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ గుంటలో పొడి తుప్పు, దుమ్ము తప్ప ఆయిల్ చుక్క లేదు. పక్క ప్లగ్ షట్కోణం మూలలు అరిగిపోయి గుండ్రమయ్యాయి. పక్కనే బల్ల మీద మూరెడు పొడవు రాడ్డు. నాననివ్వడం అటుంచి, ఇంజన్ వేడి చేసిన దాఖలా కూడా లేదు. అన్నీ ఫొటోలు తీసుకున్నాను. మీరూ తీసుకోండి, తర్వాత వాటి మీదే మాట నిలబడుతుంది.

ఈ పనికి టార్క్ రెంచి (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానా) లేని షెడ్‌లో బండి వదలకండి. విప్పేటప్పుడు దాటకూడని హద్దు ఉంటుంది: 8 మి.మీ. త్రెడ్ ప్లగ్‌కు సుమారు 20 న్యూటన్ మీటర్లు, 10 మి.మీ. దానికి సుమారు 35. అంతకు రాకపోతే ఆగి మళ్లీ ఆయిల్ పోయాలి, వేడి చేయాలి, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదపాలి. విసుగు పుట్టించే పని, అందుకే చాలామంది చెయ్యరు. విరిగినా వెంటనే హెడ్ దించాల్సిన పని లేదు. ముక్కకు డ్రిల్ వేసి, అందులో త్రెడ్ కోసి, పుల్లర్‌తో లాగే కిట్‌లు ఉన్నాయి. నాది చివరికి వేరే ఊరి పెద్దాయన ఒకరు హెడ్ దించకుండానే అలా తీసిచ్చారు. డ్రిల్ బిట్‌కు గ్రీజు రాసి, రజను సిలిండర్‌లో పడకుండా గంటల తరబడి ఓపికగా కూర్చున్నారు.

ఇంకో సంగతి. ఆ షెడ్‌వాళ్లు బిగించడానికి తెచ్చిన కొత్త ప్లగ్‌ల మీద నంబరు మా ఇంజన్‌ది కాదు. “సైజు ఒకటే కదా” అంటారు. సైజు ఒకటే అయినా ఓల్టేజి వేరు కావచ్చు. 11 ఓల్టులవి, 7, 5 ఓల్టులవి కూడా ఉన్నాయి. తక్కువ ఓల్టేజి ప్లగ్‌కు ఎక్కువ పెడితే కొన ఉబ్బిపోతుంది. ఉబ్బిన కొన మళ్లీ ఆ రంధ్రంలోంచి బయటికి రాదు. పార్ట్ నంబరు మీరే సరిచూసుకోండి.

పాత డీజిల్ కొనేవాళ్లు పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే అమ్మేవాడు అప్పటికే ఇంజన్ తిప్పి ఉంచాడన్నమాట. బానెట్ ఎత్తి ప్లగ్‌ల కనెక్టర్లు లెక్కపెట్టండి. ఒక వైరు టేపు చుట్టి పక్కకు కట్టేసి ఉంటే అక్కడ ప్లగ్ విరిగి ఉండొచ్చని అనుమానించండి, ధర ఆ లెక్కన మాట్లాడండి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఫిర్యాదు వెళ్లాక షెడ్‌వాళ్లు ఫోన్ చేసి, పెద్దాయనకు ఇచ్చిన కూలీలో సగం భరిస్తామన్నారు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మన్నాను. ఇంకా ఇవ్వలేదు.