పెట్రోల్లో పోసే బాటిల్: మైలేజీ కోసమైతే వద్దు

కారు ట్యాంకులో ఫ్యూయల్ అడిటివ్ (పెట్రోల్లో కలిపే, ఇంజిన్‌ను శుభ్రం చేసే మందు) ఒక చిన్న బాటిల్ పోస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతోంది. ఏడాదికి పైగా వాడి చూశాకే ఈ మాట అంటున్నాను.

లెక్క చూడండి. నా కారు ట్యాంకు 35 లీటర్లు. నేను లెక్క వేసినప్పటి ధర లీటరు 107 రూపాయల చొప్పున ఫుల్ ట్యాంకుకు దాదాపు 3,750. బాటిల్ 300. అంటే 8 శాతం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 16.2 ఇస్తే బాటిల్ ఖర్చు తిరిగొస్తుంది, అంతే. మిగిలేదేమీ లేదు.

మొదటి ట్యాంకుకు 16 దాటింది. సంబరంగా ఆఫీసులో అందరికీ చెప్పాను. కాకపోతే అది జనవరి, ఏసీ వెయ్యలేదు, ఎక్కువగా విజయవాడ హైవే మీదే తిరిగింది. పైగా మైలేజీ మీద ధ్యాస ఉంటే యాక్సిలరేటర్ మీద కాలు దానంతటదే తేలికవుతుంది. అందుకే కారు తమ్ముడికిచ్చాను. వాడు రోజూ మియాపూర్ నుంచి ఉప్పల్ వెళ్లొస్తాడు. పెట్రోల్ కొట్టించడం మాత్రం నా పని. ఒక ట్యాంకుకు బాటిల్ పోసేవాణ్ని, ఇంకోదానికి పోసేవాణ్ని కాదు, వాడికి చెప్పేవాణ్ని కాదు. అదే బంకు, అదే పంపు, టైర్లలో అదే గాలి. ట్యాంకు నిండి పంపు దానంతటదే ఆగగానే (ఆటో కట్) ఆపించడం, కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేయాలా అన్నా" అంటే వద్దనడం. రాసుకున్న అంకెలు పక్కపక్కన పెడితే ఏది బాటిల్ పోసిన ట్యాంకో పోల్చుకోలేం. ఒకసారైతే పోయనిదే ఎక్కువిచ్చింది. ఆటో కట్ అర లీటరు అటూ ఇటూ అయినా 30 లీటర్ల మీద ఒకటిన్నర శాతం పైనే తేడా వస్తుంది. కాబట్టి ఒక్క ట్యాంకు చూసి చెప్పే మాటలు నమ్మకండి.

"ఈ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో) పడిపోయిన మైలేజీ తిరిగొస్తుంది" అని షాపులో గట్టిగా చెప్పి అమ్ముతున్నారు. నా కోపమంతా దీని మీదే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిశాక ఆ లోటు ఇంధనంలోనే ఉంది. 35 లీటర్లలో గుక్కెడు మందు దాన్నెలా పూడుస్తుంది?

మంచి కూడా చెప్పాలి. సిగ్నల్ దగ్గర ఆగితే గేర్ రాడ్ సన్నగా వణికేది. రెండో బాటిల్ అయ్యేసరికి చాలావరకు తగ్గింది. నేను వాడిన దాంట్లో పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంట్ ఉంది, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు, వాల్వులకు పట్టిన మడ్డిని కడిగేది అదే. అయితే తర్వాత మెకానిక్ త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) శుభ్రం చేస్తే మిగతా వణుకూ పోయింది, కాబట్టి ఆ పేరంతా బాటిల్‌కే ఇవ్వలేను.

నాది పదేళ్లు దాటిన బండి, తిరుగుడంతా సిటీ ట్రాఫిక్‌లో. కొత్త బండికి కడగాల్సినంత మడ్డే ఉండకపోవచ్చు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో అది ఇన్‌టేక్ వాల్వులను (గాలి లోపలికి వెళ్లే వాల్వులను) తాకదు, వాటిని ఈ బాటిల్ కడగలేదు. నేనైతే ఇప్పుడు ఏడాదికి ఒకటి, ఇంజిన్ ఆయిల్ మార్పించే ముందు ట్యాంకులో పోస్తున్నాను. నెలనెలా కొనడం మానేశాను.