సముద్రం పక్క ఫ్లాట్‌కు మెయింటెనెన్స్: హన్మకొండల ఉండి పన్నెండేళ్లు కట్టినాక

విశాఖల రుషికొండ పోయే దారిలో, బీచ్ రోడ్డుకు రెండు సందుల లోపల మాకొక డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఉన్నది. 1,150 చదరపు అడుగులు. అయిదంతస్తులు, అంతస్తుకు నాలుగు లెక్కన ఇరవై ఫ్లాట్ల బిల్డింగ్. బిడ్డ అక్కడ చదువుకునే రోజుల్ల, 2013ల కొన్నం. మేముండేది హన్మకొండలనే. ఏడాదికి మూడు నాలుగు సార్లు వరంగల్ స్టేషన్ల గోదావరి ఎక్కి, తెల్లారేసరికి అక్కడ దిగుతం.

ఇప్పుడు ఇక్కడి దోస్తులు కొందరు రిటైర్మెంట్ పైసలతోని అట్లాంటి ఫ్లాటే కొందామనుకుంటున్నరు. అందరు ముందుగాల అడిగేది "మెయింటెనెన్స్ నెలకెంత?" అని. ఆ ఒక్క అంకెతోని ఏం తెల్వదు. అండ్ల ఎంత అదే నెల ఖర్చయిపోతున్నది, ఎంత బిల్డింగ్ పేరు మీద బ్యాంకుల జమ అయితున్నది అని అడగాలె. ఈ తేడా నాకు సమజయ్యేటాలకు ఏడేళ్లు పట్టింది.

మొదట మాకు నెలకు 1,500. అప్పుడు హన్మకొండల మా అపార్ట్‌మెంట్‌కు 1,000 కడుతున్నం. సముద్రం పక్కన ఉండి అయిదు వందలే ఎక్కువ అంటే అగ్వకే వచ్చిందనుకున్న. ఇరవై ఫ్లాట్ల మీద ముప్పై వేలు వస్తే వాచ్‌మన్, ఊడ్పు, లిఫ్ట్, కామన్ కరెంటుకే సరిపోయేది. మిగిలేది దాదాపు శూన్యం. మీటింగుల ఎవరన్నా పెంచుదామంటే "వద్దు, అవసరమైతే అప్పుడు వేసుకుందాం" అనే మాటే గెలిచేది. నేను గూడ చెయ్యెత్తింది ఆ మాటకే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. డాబా మీది నీళ్ల ట్యాంకులు కొట్టుకపోయినయి, కిటికీల అద్దాలు పలిగినయి, జనరేటర్ మీది రేకు ఎక్కడ పడ్డదో దొరకలేదు. కరెంటు లేక మోటరు ఆడదు, మోటరు లేక నీళ్లు లేవు, ట్యాంకర్ చెప్పిన రేటే రేటు. అసోసియేషన్ ఖాతాల ఉన్నది నలభై వేలు. ఫ్లాట్‌కు 18,000 వేసిన్రు. యజమానుల్ల సగం మంది హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల ఉంటరు. ఏడు ఫ్లాట్లకు ఎప్పుడూ తాళమే. వాళ్ల దగ్గర వసూలు చేసేసరికి అయిదు నెలలయింది. అన్ని రోజులు సెక్రటరీ తన సొంత పైసలు పెట్టి పని నడిపిండు. ఆయనకు ఆ బాకీ తీరిందాక నాకు మనసు మనసుల లేదు.

తుపాను ఒక్కనాడు వచ్చి పోతది. ఉప్పుగాలి రోజూ ఉంటది. 2019 ఎండాకాలంల వాచ్‌మన్ ఫోన్ చేసిండు: "బాబుగారూ, పార్కింగ్‌లో పెచ్చులు ఊడిపోతన్నాయండి. ఇనుము కనబడతంది." పోయి చూస్తే రెండు బీముల కింద కాంక్రీటు రాలి, లోపలి సలాకలు పొరలు పొరలుగ తుప్పు పట్టి ఉన్నయి. సముద్రం దిక్కు బాల్కనీల అంచులు గూడ అట్లనే ఉబ్బినయి.

మేం పిలిపిచ్చిన ఇంజనీరు ఓపికగ చెప్పిండు. గాలిల ఉన్న ఉప్పు తేమతోని కలిసి కాంక్రీటులకు మెల్లగ దిగుతది. అది సలాకను తాకితే తుప్పు మొదలు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ జాగ తీసుకుంటది కాబట్టి లోపలినుంచి నెట్టి కాంక్రీటును పగలగొడతది. ఆ పగులులకెల్లి మళ్ల ఉప్పు, నీళ్లు పోతయి. అందుకే కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట సలాక మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ సరిపోతదంటే, తీరం గాలి తగిలే చోట 45 ఉండాలె. కాంక్రీటు గూడ ఎం20 రకం కాదు, అంతకంటే గట్టిదైన ఎం30 కావాలె. మా బీముల కొట్టి చూస్తే కొన్నిచోట్ల కవర్ 25 దాటలేదు. ఉత్త ప్లాస్టరింగ్ చేసి సున్నం వేస్తే రెండేళ్లకు మళ్ల ఊడుతదని, తుప్పు గీకి, సలాకకు పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తోని నింపాలని చెప్పిండు.

2020ల ఆ పనికి ఫ్లాట్‌కు 68,000 పడ్డది. ఆ రాత్రి కూసొని లెక్క వేసిన. హుద్‌హుద్ తర్వాత నెలకు 900 చొప్పున పక్కకు పెట్టుకుంట వస్తే ఆరేళ్లకు ఒక్కొక్కరి పేరు మీద 64,800 ఉండేది. వడ్డీ వేరే. మేం మిగిలిచ్చుకున్నమనుకున్న పైసలే ఒక్కసారి వచ్చి మీద పడ్డయి. మూడో అంతస్తుల ఒక పింఛను పెద్దమనిషి ఆ 68,000 కోసం ఇంటామె గొలుసు కుదువ పెట్టిండు. నెలకు 900 అయితే ఆయన కట్టగలిగేవాడే.

తర్వాతి మీటింగుల 3,200 చేసినం. మొత్తం 64,000. వాచ్‌మన్ దంపతులకు 17,000, ఊడ్పు చెత్తకు 4,000, లిఫ్ట్ కాంట్రాక్టుకు 3,500, కామన్ కరెంటుకు 9,500, ట్యాంకర్లకు సగటున 6,000, జనరేటర్‌కు 3,000, బల్బులు, నల్లాలు, చిల్లర రిపేర్లకు ఇంకో 3,000. మిగిలిన 18,000 వేరే ఖాతాల పడుతది; దాన్ని ముట్టాలంటే జనరల్ బాడీ, అంటే యజమానులందరి మీటింగ్, ఒప్పుకోవాలె. ఆ ఫండ్‌తోనే 2024ల బయటి రంగు వేసినం, లిఫ్ట్ తలుపులు మార్చినం. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి అదనంగ అడగలేదు.

చదరపు అడుగు లెక్కనా, ఫ్లాట్‌కు సమానమా అని మస్తు లొల్లి అయింది. మా బిల్డింగ్‌ల అన్ని ఫ్లాట్లు దాదాపు ఒకటే కాబట్టి సమానం నడుస్తది. మూడు బెడ్‌రూంలవి కలిసి ఉంటే అడుగు లెక్కే న్యాయమని నా అభిప్రాయం. తాళం వేసిన ఫ్లాట్‌కు తగ్గియ్యాలనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. నా ఫ్లాట్ గూడ ఏడాదిల పది నెలలు తాళంతోనే ఉంటది. ఉప్పు మాత్రం తాళం చూసి ఆగది.

మా అక్క కొడుకు ఫ్లోరిడాల బీచ్ పక్క కాండోల ఉంటడు; సొంత ఫ్లాట్ల బిల్డింగ్‌ను అక్కడ అట్లంటరు. నెలకు వందల డాలర్లు కడుతనంటే ముందు నమ్మలే. అండ్ల బిల్డింగ్ మొత్తానికి తుపాను ఇన్సూరెన్స్, పెద్ద రిపేర్లకు పక్కకు పెట్టే రిజర్వ్ ఫండ్ కలిసి ఉంటయి. అక్కడ సర్ఫ్‌సైడ్ అనే ఊర్ల 1981ల కట్టిన పన్నెండంతస్తుల కాండో 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటినాక కూలి 98 మంది సచ్చిపోయిన్రు. కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లనే ఇంజనీరు రాసిచ్చిండు. కోటిన్నర డాలర్ల రిపేరుకు యజమానుల మీద అదనపు వసూలు వేసేసరికి 2021 వచ్చింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం చట్టం మార్చింది: మూడంతస్తులు, ఆ పైన ఉన్న కాండోలు కట్టడం భాగాలకు ఎంత రిజర్వ్ కావాల్నో లెక్క తీయించాలె, ఆ ఫండ్‌ను ఓటు వేసి పూర్తిగ ఎగ్గొట్టే వీల్లేదు. అది చదివిన్నాడు మా పార్కింగ్ బీములే కండ్లల్ల మెదిలినయి.

జీఎస్టీ గురించి చాలామంది భయపడుతున్నరు. ఫ్లాట్‌కు నెలకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూలు 20 లక్షలు గూడ దాటితేనే 18 శాతం. మాది ఏడాదికి 7,68,000, కాబట్టి ఆ ముచ్చటే లేదు. స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్ ఉన్న పెద్ద గేటెడ్ కమ్యూనిటీల కొనేటోళ్లు ఇది చూసుకోవాలె. కొత్త బిల్డింగ్ అయితే ఇండ్లు కొనేటోళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం కింద స్వాధీనం చేసిన అయిదేళ్లల్ల కట్టడంల లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతోని బాగుచెయ్యాలె. మాది ఆ చట్టం రాకముందుది. ఇన్సూరెన్స్ తుపానుకు పనికొస్తది గానీ, ఏండ్ల తరబడి పట్టిన తుప్పుకు ఇయ్యరు.

ఇప్పటికీ నచ్చనివి ఉన్నయి. ట్యాంకర్ల లెక్క ఎండాకాలంల సక్కగ రాదు; ఎన్ని వచ్చినయో వాచ్‌మన్ బుక్కు ఒకటి చెప్తది, బిల్లు ఒకటి చెప్తది. ముగ్గురు యజమానులు ఏడాది బాకీ ఉన్నరు. దూరం నుంచి వాట్సాప్‌ల లెక్కలు చూసి అన్నీ పట్టుకోలేం.

ఇక్కడ హన్మకొండల మా బిల్డింగ్ గ్రిల్స్‌కు ఒక్కసారే రంగు వేసినం, ఇంకా గట్టిగనే ఉన్నయి. మనకు ఉప్పు లేదు. గానీ 2020 ఆగస్టు వానలకు సెల్లార్‌ల నీళ్లు నిండి లిఫ్ట్ గుంట మునిగినప్పుడు ఇక్కడ గూడ ఫండ్ లేదు. విశాఖ లెక్క చూపిచ్చి నెలకు 250 జమ పెట్టిచ్చిన. రెండు మీటింగులు పట్టింది, ఇద్దరు ఇప్పటికీ ఇస్తలేరు.

కొందామనుకునే దోస్తులకు నేను చెప్పేది: బాల్కనీలకెల్లి సముద్రం చూసేముందు పార్కింగ్‌ల తలెత్తి బీముల అడుగు చూడున్రి. డాబా ఎక్కి ఏసీ బయటి పెట్టెల స్టాండ్లకు తుప్పు ఎంత పట్టిందో చూడున్రి. మూడేళ్ల జమాఖర్చు, ఫండ్ ఖాతా బ్యాలెన్స్, బాకీల జాబితా అడుగున్రి. అమ్మేటాయన దగ్గర మెయింటెనెన్స్ బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకున్నాకనే రిజిస్ట్రేషన్ పెట్టుకోన్రి.

డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు మూడు కొటేషన్లు వచ్చినయి, వచ్చే నెల మీటింగ్. ఫండ్‌ల ఉన్నది సరిపోకపోతే నెలకు ఇంకో 200 పెంచుదామని నేనే అడుగుత. టికెట్ తీసుకున్న.